డబ్బాలో పడ్డ నట్టు

ఆస్పత్రి ఎదురు వీధి, మూడో అంతస్తు
నవంబరు 3

అమ్మడూ,

నా కుర్చీలోకి నువ్వే వస్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పై ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని లాంచీల టైములు రాసుకునే పిల్లవి, పరీక్ష రాసి మరీ రేవు సూపరింటెండెంటువయ్యావు. పోనీలే, మేనత్త కుర్చీలోకి మేనకోడలే వచ్చింది. ఆ కుర్చీకి ఎడమ కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టాను, తియ్యకు.

ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదివి తీరాలి. అందుకే రాస్తున్నాను.

వెనక గదిలో బీరువా మీద బిస్కెట్ల డబ్బా ఒకటుంటుంది. మూతకి బెజ్జం. పక్కన రెండు గిన్నెలు, ఒకదాన్లో బోల్టులు, ఒకదాన్లో నట్లు. చెత్త అనుకుని పారేసేవు! ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, నేను పెట్టింది. రోజూ మొదటి లాంచీకి ముందు ముగ్గురు మనుషులు ఒక్కొక్కరే ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. లాంచీ బయలుదేరొచ్చు అనుకుంటే బోల్టు వేస్తారు. మనసులో ఏ మూలైనా అనుమానం ఉంటే నట్టు వేస్తారు. చప్పుడులో తేడా వినపడకుండా అడుగున తువ్వాలు ముక్క పరిచాను. తర్వాత ఆ ముగ్గురి ముందే నువ్వు మూత తీస్తావు. మూడూ బోల్టులైతే హారన్ కొట్టించు. రెండు నట్లుంటే ఆ పూట లాంచీ కదలదు. ఒక్క నట్టే ఉంటే, ఎవరు వేశారని ఆరా తియ్యకుండా నువ్వే వెళ్ళి చూడాలి. నీళ్ళు, ఇంజిను, మనిషి, మూడూ చూడాలి.

ఇదంతా ఎందుకంటావేమో. నాకు కోపమెక్కువని నీకు తెలుసుగా. మొహం మీద వద్దని చెప్పమంటే ఎవడు చెబుతాడు? పోనీ చెప్పకపోతే వాళ్ళ బుర్రల్లో ఉన్నది నాకెలా తెలుస్తుంది? అందుకని డబ్బా పెట్టాను. ఆ డబ్బా చాలాసార్లు నా నోరు మూయించింది, నేనేం చెడిపోలేదు.

ముగ్గుర్ని ఎంచుకునే హక్కు నీది. నాకు సరంగు, ఇంజిన్ మేస్త్రి, కొలత స్తంభం దగ్గర నీటిమట్టం రాసే ఆవిడ ఉండేవాళ్ళు. తొందరపడకు, నాలుగు రోజులు చూసి ఎంచుకో.

పదో తారీకున మోకాలు కోస్తారు. భయం లేదు గానీ ఆ డాక్టరు మరీ కుర్రాడు.

మీ అత్తయ్య

*

రేవు ఆఫీసు
డిసెంబరు 20

అత్తయ్యా,

మోకాలు ఎలా ఉంది? నాన్న చెప్పాడు, నడిపించడానికి వచ్చిన అమ్మాయినే నువ్వు నడిపిస్తున్నావట. అట్టముక్క మొదటిరోజే తీసేశాను. ఏటికి అవతలినుంచి వచ్చిన పెద్దమనిషి ముందు పక్కకి ఒరిగిపోయాను. మళ్ళీ పెట్టాను.

నీ ముగ్గుర్నే ఉంచుకున్నాను. సరంగు మాట్లాడడు, తల ఊపుతాడు. ఆయన చుక్కాని పట్టుకుంటే లాంచీ నేల మీద నడిచినట్టు వెళుతుంది. మేస్త్రి ఇంజినుతో మాట్లాడతాడు, మనుషులతో మాట్లాడడు. ఇక మూడో ఆవిడ! రేవంతా ఆవిడని వద్దమ్మ అంటారని ఒక్క ముక్క ముందు చెప్పొచ్చుగా?

నెలన్నరలో తొమ్మిదిసార్లు నట్టు పడింది. తొమ్మిదిసార్లూ నేను చిన్న పడవలో నడి ఏటిదాకా వెళ్ళి, గెడ వేసి అడుగు చూసి వచ్చాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. తొమ్మిదిసార్లూ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. వెళ్ళినప్పుడల్లా నలభై నిమిషాలు ఆలస్యం. ఒడ్డున జనం వాచీలు చూసుకుంటూ నన్ను చూస్తారు. మొన్న ఒకాయన "ఏమ్మా, చేపలు పడ్డాయా?" అన్నాడు.

ఎవరు వేశారో ఆరా తియ్యకూడదన్నావు. తియ్యలేదు. కానీ ఆ నట్టు తడిగా ఉంటుందత్తయ్యా. స్తంభం దగ్గర్నుంచి తిన్నగా వచ్చేది ఆవిడొక్కతే. ఇక తెలియకుండా ఎలా ఉంటుంది?

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నా ఉద్యోగం ఆరు నెలల దాకా పరీక్షే. ఆలస్యాలు తగ్గితే ఖాయం చేస్తారు, లేకపోతే మళ్ళీ ఫ్యాను కిందికే. నేను ఓడిపోయి వెనక్కి వెళితే నా పాత సెక్షన్లో వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో నాకు కనిపిస్తూనే ఉంది. ఆవిడని మార్చనా? నిజం చెప్పు.

నీ కోడలు

*

ఆస్పత్రి ఎదురు వీధి
జనవరి 2

అమ్మడూ,

నడుస్తున్నాను. కిటికీ దాకా పద్నాలుగు అడుగులు, తిరిగి పద్నాలుగు.

ఆవిడ ఊసు నా దగ్గర ఎత్తకు. మార్చాలనుంటే మార్చు. పదకొండేళ్ళు నేను భరించాను, నువ్వూ భరించాలని ఎక్కడైనా రాసుందా? కుర్చీ నీది, రేవు నీది, పోతే ఉద్యోగం నీది. సలహా చెప్పేవాళ్ళు చేయూతనివ్వాలి గానీ రోజూ కాళ్ళకి అడ్డం పడితే ఎలా? రేవులో ఆవిడ తప్ప మనుషులే లేరా?

నన్నడిగావు, చెప్పాను. మళ్ళీ మళ్ళీ అడక్కు.

అత్తయ్య

*

రేవు ఆఫీసు
ఫిబ్రవరి 12

అత్తయ్యా,

మార్చేశాను. వద్దమ్మ స్థానంలో మన ఆఫీసు గుమాస్తాని తీసుకున్నాను. నవ్వు మొహం, తెలివైనవాడు, నేను సగం చెబితే మిగతా సగం తనే చెబుతాడు. హాయిగా ఉంది.

ఆవిడకి నేనే వెళ్ళి చెప్పాను. స్తంభం దగ్గర మెట్ల మీద కూర్చుని రిజిస్టరు రాస్తోంది. "మీకు పొద్దున్నే రెండు పనులు ఎందుకండీ, మట్టం రాసుకోండి చాలు" అన్నాను. అబద్ధం ఇంత తీయగా చెప్పగలనని నాకే తెలియదు. ఆవిడ కలం మూత పెట్టి నన్ను చూసింది. గొడవ చేస్తుందనుకున్నాను. "మీ అత్తయ్యకి మోకాలు నయమైందా?" అని అడిగింది. నయమవుతోందన్నాను. "వెళ్ళేరోజు నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఏం తప్పు చేశానో అడిగి చెప్పమ్మా" అంది. అడుగుతానని చెప్పి వచ్చేశాను.

మీ ఇద్దరికీ ఏమైంది?

అది అలా ఉంచు. అయిదు వారాలుగా రోజూ మూడు బోల్టులే. ఒక్క ఆలస్యం లేదు. పై ఆఫీసు పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి "అత్తని మించిన కోడలివి" అన్నాడు. నీకు కోపమొచ్చినా సరే, రాయకుండా ఉండలేకపోయాను. గెడ మూలన పడుంది. దానికి సాలెపురుగు గూడు కట్టింది.

నీ కోడలు

*

ఆస్పత్రి ఎదురు వీధి
ఫిబ్రవరి 20

అమ్మడూ,

సంతోషం. మాకేమీ కాలేదు. పెద్దవాళ్ళ మధ్య సవాలక్ష ఉంటాయి, నీ పని చూసుకో. ఇప్పుడు మెట్లు దిగుతున్నాను, ఒక అంతస్తు.

అత్తయ్య

*

రేవు ఆఫీసు
మార్చి 17

అత్తయ్యా,

నాన్న చెప్పే ఉంటాడు. నా నోటితో నీకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

పన్నెండో తారీకు పొద్దున డబ్బాలో మూడు బోల్టులు. హారన్ కొట్టించాను. నలభై ఆరు మందితో లాంచీ బయలుదేరింది. నడి ఏటిలో ఇసుక మేట మీదికెక్కి ఆగిపోయింది. ఆగిన ఊపుకి జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. బడి టీచరమ్మ ఒకావిడకి మణికట్టు విరిగింది. మిగతావాళ్ళకి దెబ్బలు. చిన్న పడవల్లో అందర్నీ ఒడ్డుకి చేర్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఎండ మండిపోతోంది. ఒక తల్లి చంటిపిల్లని కొంగు కింద దాచుకుని నన్ను ఒక్క మాట కూడా అనకుండా దిగి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. ఎవరు ఏది వేశారో అందరికీ తెలిసిందే, ఇక దాపరికం ఏముంది? నిజంగా అనుమానమే రాలేదా అని అడిగాను. మేస్త్రి అన్నాడు: "నీళ్ళు బాగా తీశాయనిపించింది. కానీ నీళ్ళ సంగతి చూసే మనిషినే మీరు తీసేశారు. నేను నట్టు వేస్తే నన్ను మాత్రం ఉంచుతారా?" గుమాస్తా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నాకు నీళ్ళూ తెలియవు, ఇంజినూ తెలియదు మేడమ్. మీ మొహం చూసి వేస్తున్నాను" అన్నాడు. సరంగు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంకా ఉంది. నీటిమట్టం రిజిస్టరు తెరిచి చూశాను. పదో తారీకు నుంచీ వద్దమ్మ అంకె కింద ఎర్ర సిరాతో గీత గీసింది. పన్నెండున రెండు గీతలు. రోజూ రాయగానే ఆ రిజిస్టరు నా బల్ల మీదికే వస్తుంది. డబ్బా ఉందిగా అని నేను తెరవలేదు.

విచారణ అధికారి వచ్చే వారం వస్తాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకుంటూనే పై ఆఫీసు కాగితం మళ్ళీ మళ్ళీ తీసి చదువుతున్నాను. అత్తయ్యా, నువ్వు మార్చమన్నావు. నేను మార్చాను. తప్పు నాదే, నీ మీదికి నెట్టను. కానీ ఒక్కటి చెప్పు. పదకొండేళ్ళు ఆవిడని పక్కన పెట్టుకున్నదానివి, నాకు మాత్రం ఎందుకు అలా చెప్పావు?

నీ కోడలు

*

ఆస్పత్రి ఎదురు వీధి
మార్చి 24

అమ్మడూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను.

నా చివరిరోజు గుర్తుందా? మీ అమ్మా నాన్నా కూడా వచ్చారు. పై ఆఫీసు వాళ్ళందరూ పూలదండలతో ఒడ్డున నిలబడ్డారు. నన్ను లాంచీలో అవతలి ఒడ్డు దాకా ఊరేగించి తీసుకురావాలని ఏర్పాటు. ఆ పొద్దున ముగ్గురూ గదిలోకి వెళ్ళొచ్చారు. మూత తీసే ముందు నాకెందుకో అనుమానమొచ్చి, ఒక్కదాన్నే గదిలోకి వెళ్ళి డబ్బా తెరిచి చూశాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు. రెండు బోల్టులు, ఒక నట్టు.

ఒళ్ళు మండిపోయింది. ఆఖరిరోజు కూడానా అనుకున్నాను. కొత్త చీర కట్టుకుని అంతమంది ముందు గెడ పట్టుకుని నేను పడవెక్కాలా? ఆ నట్టు తీసి కొంగున కట్టుకున్నాను. గిన్నెలోంచి ఒక బోల్టు తీసి డబ్బాలో వేశాను. బయటికొచ్చి ముగ్గురి ముందూ మూత తీసి చూపించాను. ఎవరి మొహమూ చూడలేదు.

లాంచీ వెళ్ళింది, వచ్చింది. ఏమీ కాలేదు. ఏమైనా అయ్యుంటే చెంపలేసుకునేదాన్ని, తీరిపోయేది. ఏమీ కాకపోవడంతో ఆవిడ మొహం చూడలేకపోయాను. తన నట్టు మాయమైందని ఆవిడకి తెలుసు కదా అనుకున్నాను. అందుకే మాట్లాడకుండా వచ్చేశాను. తర్వాత నువ్వు ఆవిడ గురించి విసుక్కుంటూ రాస్తే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు హాయిగా అనిపించింది. ఆవిడ నిజంగానే నసమనిషి అయితే నేను చేసింది అంత తప్పు కాదు కదా? ఆ హాయితోనే మార్చమని రాశాను. నీ మంచి కోసం రాయలేదు. నువ్వు నన్ను నమ్మి అడిగావు, నేను నా పుండు గోక్కున్నాను.

ఒక్క సంగతి కూడా చెబుతాను. ఆవిడ పదకొండేళ్ళలో ఎన్ని నట్లు వేసిందో నాకు లెక్కలేదు. అందులో నిజంగా అడుగున ఇసుక తగిలింది ఏడుసార్లు. ఆ ఏడూ నాకు తారీకులతో గుర్తున్నాయి. డిసెంబరులోనే నీకు రాయాల్సింది ఇది.

విచారణలో నా పేరు చెప్పు. దాచకు. ఆ నట్టు నా గుండీల డబ్బాలో పడుంది. దీంతో పంపుతున్నాను. ఆవిడది ఆవిడకి ఇచ్చెయ్యి. నేను తప్పు చేశానని, నా మాటగా చెప్పు.

అత్తయ్య

*

రేవు ఆఫీసు
ఏప్రిల్ 5

అత్తయ్యా,

ముందు కోపం సంగతి చెప్పేస్తాను. నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. అమ్మతో కూడా చెప్పలేదు. మూడో రోజు గెడకున్న సాలెగూడు దులుపుతుంటే, నేనూ తడి నట్టు చూసి మనిషిని తీసేసినదాన్నే కదా అనిపించింది. నీకు ఒక్క పొద్దు పట్టింది, నేను రెండు నెలలు సంబరపడ్డాను.

విచారణ అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాను. రిజిస్టరు చూడకపోవడం నా తప్పని రాసిచ్చాను. నన్ను తియ్యలేదు. పరీక్ష గడువు ఇంకో ఆరు నెలలు పెంచారు. టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. కట్టు కట్టిన చేత్తోనే కుర్చీ జరిపి కూర్చోమంది. ఎప్పుడు మళ్ళీ లాంచీ ఎక్కుతానో చెప్పలేనంది. సరేనన్నాను.

ఇప్పుడు నట్టు సంగతి. కాస్త నిదానంగా చదువు.

నిన్న పొద్దున వద్దమ్మని, మేస్త్రిని, సరంగుని ఆఫీసుకి పిలిచాను. ఆవిడకి వాళ్ళ ముందే క్షమాపణ చెప్పాను. మళ్ళీ డబ్బా దగ్గరికి రమ్మన్నాను. "వస్తాను. కానీ నట్టు పడినప్పుడు నువ్వు గెడ ఒక్కటే పట్టుకుని పరిగెత్తుతావు. మనిషిని కూడా చూడాలని మీ అత్తయ్య రూలు. నువ్వు ఒక్కసారీ మమ్మల్ని ఎలా ఉన్నారని అడగలేదు" అంది. నిజమే అత్తయ్యా. నీ మొదటి ఉత్తరంలోనే ఉంది అది. మళ్ళీ తీసి చదివాను.

అప్పుడు నువ్వు పంపిన నట్టు ఆవిడ చేతిలో పెట్టి, నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నాదని ఎవరన్నారు? మీ అత్తయ్య ఆఖరిరోజని నేను ఆ పొద్దున మూడుసార్లు మట్టం కొలిచాను. ఏరు నిండుగా ఉంది. నేను బోల్టే వేశాను" అంది. తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "అయితే ఆ తల్లి ఇందుకా నాతో మాట్లాడకుండా పోయింది? అయిదు నెలలుగా నా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నేను మేస్త్రి వైపు చూశాను. మేస్త్రి అడ్డంగా తలూపాడు. సరంగు లేచొచ్చి చెయ్యి చాపాడు.

"అది నాదమ్మా" అన్నాడు.

ఆయనకి ఎడమ కంట్లో పొర వస్తోందట. ఆ వారంలోనే మసక మొదలైంది. నీ చివరిరోజు పొద్దున ఒడ్డు గీత కూడా సరిగ్గా కనపడలేదట. ఇరవై ఏళ్ళు చుక్కాని పట్టిన మనిషి, నోటితో చెప్పడానికి మనసొప్పలేదు. "నట్టు వేస్తే పెద్దమ్మగారు వచ్చి నీకెలా ఉందయ్యా అని అడుగుతారు, అడిగితే చెప్పేద్దామనుకున్నాను. మూత తీస్తే మూడు బోల్టులున్నాయి. నా మాట అక్కర్లేదు కాబోలు అనుకున్నాను. మళ్ళీ నట్టు వెయ్యలేదు" అన్నాడు. పన్నెండో తారీకున మేట మీద నీళ్ళు రంగు మారి ఉంటాయి కదా, ఆ మార్పు ఆయనకి కనపడలేదు.

నీ మీద కోపంగా చెప్పలేదు అత్తయ్యా. చేతులు చూసుకుంటూ చెప్పాడు, అంతే. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

వచ్చే నెల ఆయనకి కంటి ఆపరేషను. అప్పటిదాకా రెండో సరంగు చుక్కాని పడతాడు. ఆయన్ని మాత్రం డబ్బా గదికి రోజూ రమ్మన్నాను. నా ముగ్గురూ నీ ముగ్గురే. గుమాస్తాని మానిపించాను, ఆనందంగా వెళ్ళి టికెట్లు సర్దుకుంటున్నాడు. ఈ పొద్దున నట్టు పడింది, పొడిగానే ఉంది. నీళ్ళు చూశాను, ఇంజిను చూశాను, తర్వాత ముగ్గురి దగ్గరా కూర్చుని ఎలా ఉన్నారని అడిగాను. మేస్త్రికి రాత్రంతా జ్వరమట. ఇంటికి పంపేశాను. లాంచీ గంట ఆలస్యం. ఒడ్డున ఒకాయన చేపలు పడ్డాయా అని అడిగాడు. పడ్డాయన్నాను.

నీ కోడలు

*

ఆస్పత్రి ఎదురు వీధి
ఏప్రిల్ 12

అమ్మడూ,

అడగలేదు. ఆ ఒక్కరోజు నేను అడగలేదు. వారం రోజులుగా ఇదే మాట అనుకుంటున్నాను. పదకొండేళ్ళలో సరంగు వేసిన నట్టు బహుశా అదొక్కటే.

నట్టు ఆయన దగ్గరే ఉండనీ. ఆయన ఆపరేషనప్పుడు ఆస్పత్రి వరండాలో నేను కూర్చుంటాను. ఇప్పుడు మూడంతస్తులూ దిగగలుగుతున్నాను. ఆవిడకి కూడా నా నోటితోనే చెప్పుకోవాలి, నీ నోటితో కాదు. ఆవిడ తిడితే పడతాను, నువ్వు మధ్యలోకి రాకు.

ఇరవయ్యో తారీకు పొద్దున అవతలి ఒడ్డుకి బస్సులో వచ్చి దిగుతాను. నన్ను ఏరు దాటించడానికి లాంచీ పంపుతావు కదా. ఆ పొద్దున డబ్బాలో నట్టు పడితే పంపకు. అత్తయ్య కదా అని చూడకు. నేను ఒడ్డున కూర్చుంటాను.

మీ అత్తయ్య